పసుపు గుడ్డ కింద గోంగూర

నేను చెప్పే మాటల్లో సగం తీసి పక్కన పెట్టి, మిగిలిన సగంలో మళ్ళీ సగమే నమ్మాలని మా వీధిలో చంటిపిల్లలకి కూడా నేర్పుతారు. మా యాంగోన్‌లోని అహ్లోన్ రేవులో ఓడ గంటని మింగిన వాలుగ చేప ఒకటుందని, పోటు వచ్చినప్పుడల్లా దాని కడుపులో గంట మోగుతుందని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఇప్పటికీ ఒకరిద్దరు రేవు దాకా వెళ్ళి చెవి ఒగ్గి వస్తుంటారు.

ఇది మాత్రం నిజం. నిజమని ఎలా తెలుస్తుందంటే, ఇందులో నేను ఒక్క పూట కూడా ధైర్యంగా లేను. కల్పించి చెప్పే కథల్లో నేనెప్పుడూ ధైర్యవంతురాలినే.

మేం ఉండేది నాలుగో అంతస్తులో, నేనూ మా అన్నయ్యా. మా పైన డాబా. నేను జాకెట్లు కుడతాను. అన్నయ్య ముప్పై ఏళ్ళు ఫుట్‌పాత్ మీద కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేశాడు. కిందటేడు ఎండాకాలంలో వీపు నుంచి పక్కటెముకల మీదుగా అక్కి లేచింది. పొక్కులు మానాయి. నొప్పి మానలేదు. చొక్కా తగిలితే కాగిన అట్లకాడ తగిలినట్టు అరిచేవాడు. పడుకోలేక కుర్చీలో ముందుకి వంగి కూర్చునేవాడు. ఇరవై నిమిషాలు కునుకు, గంట మూలుగు. డాక్టరు రాసిన మాత్రలు ఒక నెల దొరికితే రెండు నెలలు దొరికేవి కావు.

ఓ పొద్దున్న టీ తాగుతూ అన్నయ్య మామూలుగా అడిగాడు.

"ఒలే, మన డాబా మీంచి కిందకి ఎన్ని అడుగులుంటాది?"

"ఎందుకు?"

"ఊరికే. సెప్పు."

 ఆ రోజే డాబా తలుపుకి తాళం కొని వేశాను. తాళం చెవి జాకెట్లో దాచుకుని తిరిగాను. అప్పటి నుంచి మూలుగు వినబడితే బాధ, వినబడకపోతే భయం.

మా తెలుగువాళ్ళలో అక్కి లేస్తే డాక్టరు కంటే ముందు కుమ్మరి దగ్గరికి వెళ్తారు. కుమ్మరి తడిపిన ఎర్ర జాజుమట్టితో అక్కి మీద సింహం బొమ్మ గీస్తే, సింహాన్ని చూసి అక్కి పారిపోతుందట. ఏడు నెలల తర్వాత గుర్తొచ్చింది నాకీ వైద్యం. యాంగోన్‌లో కుమ్మరి ఎక్కడున్నాడు? ఉంటే నది అవతల కుండల ఊరు ట్వంటేలో ఉండాలి. అన్నయ్యని బస్సెక్కించి, కుదుపు కుదుపుకీ తిట్లు తింటూ ట్వంటే తీసుకెళ్ళాను. అక్కడ కుండలు చేసే బర్మా ముసలావిడ ఒకామె నా మాటంతా విని, చేతులు తుడుచుకుని, "సింహమా? నాకు కుండలొచ్చు, సింహాలు రావు" అంది. అయినా బతిమాలితే గీసింది. అది కప్పలా వచ్చింది. అన్నయ్యకి అద్దంలో చూపిస్తే పగలబడి నవ్వాడు, నవ్వినందుకు నొప్పితో ఏడ్చాడు. ఏడు నెలల్లో అదే మొదటి నవ్వు.

వచ్చేస్తుంటే ముసలావిడ కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. అయిదు గింజలు. "ఆకు కోడి పులుసులోకి. పువ్వు నిద్రకి. పువ్వు ఎర్రబడిందని కోసెయ్యకు, దాని మీద మంచు చూసి కొయ్యి" అంది. అవి గంజాయి గింజలని నాకు తెలుసు. తెలియదని మీతో అబద్ధమాడొచ్చు గానీ, ముందే మాటిచ్చాను.

ఆ మొక్క ఇంట్లో దొరికితే ఇక్కడ ఎన్నేళ్ళు లోపలుంటారో చెప్పను. నేను చెప్పినా మీరు సగమే నమ్ముతారు, ఆ సగం కూడా చాలా ఎక్కువ. పైగా ఇంట్లో ఎవరెవరుంటున్నారో చిట్టాతో సరిచూడ్డానికి ఎప్పుడు ఎవరొస్తారో తెలియని రోజులివి. అయినా వానల మొదట్లో నూనె డబ్బాల్లో మట్టి పోసి గింజలు పాతాను. మూడు మొలిచాయి. రెండు పనికిరాని మగవని తేలితే అన్నయ్య పీకించేశాడు. మిగిలిన ఒక్కదాన్నీ గోంగూర డబ్బాల మధ్య పెట్టాను. చీలికల ఆకు గోంగూర మా డాబా మీద ఎప్పుడూ ఉండేదే. దూరం నుంచి చూస్తే ఈ ఆకుకీ ఆ ఆకుకీ అక్కాచెల్లెళ్ళ పోలిక. గోంగూరలో దాస్తే ఎవరికీ అనుమానం రాదని నా తెలివి.

ఆ తెలివిలో ఒక చిల్లు ఉంది. ఇక్కడ గోంగూరని మేమెంత ప్రాణంగా తింటామో బర్మావాళ్ళూ అంత ప్రాణంగా తింటారు. పైగా మా మెట్లెక్కి దిగే ఇళ్ళలో ఎవరి కుండీలో ఆకు ఉన్నా అందరిదీ. అడిగితే లేదనకూడదు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక ఉదయం గంట మోగింది. మా ఇళ్ళ బాల్కనీల నుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. కింద నుంచి లాగితే పైన గంట మోగుతుంది. తొంగి చూస్తే పదిళ్ళమ్మ. పది ఇళ్ళకి ఒకరిని పెద్దగా పెడతారు కదా, మా పదిళ్ళకీ ఆవిడే పెద్ద. బర్మా ఆవిడే గానీ పుట్టిందీ పెరిగిందీ మా మధ్యే, తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడుతుంది.

"తలుపు తీయే! డెంగీ దోమల లెక్క. డబ్బాల్లో నీళ్ళు నిలవున్నాయేమో సూడాల!"

తప్పక డాబా తాళం తీసి చూపించాను, నీళ్ళున్న డబ్బా ఒక్కటీ లేదు. ఆవిడ చూపు నీళ్ళ మీద లేదు కూడా.

"ఓలమ్మ, ఎంత గోంగూరే! రొయ్యలేసి వండుకుంతాను, నాలుగు కొమ్మలు తుంచుకుంతాను" అంటూ చెయ్యి చాపింది. చాపిన వైపే అది ఉంది.

నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. "ఆంటీ! ముట్టకండి! అది అమ్మోరికి మొక్కిన గోంగూర!"

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. "మొక్కినదా?"

"అన్నయ్య నొప్పికి. ఆ డబ్బాలో గోంగూరని ఎవరూ తాకకూడదు, తినకూడదు. తాకితే ఆ నొప్పి తాకినోళ్ళకి వచ్చీత్తాది."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసి పమిట లేని భుజానికి తుడుచుకుంది. "ఎప్పుడు తీరుతాది మొక్కు?"

"కార్తీక పున్నానికి" అన్నాను. ఆ తిథి ఎందుకు నోటికొచ్చిందో తెలియదు.

అంతటితో పోతుందనుకున్నాను. మర్నాడు శుక్రవారం. పొద్దున్నే ముగ్గురు తెలుగు ఆడవాళ్ళు పసుపూ కుంకాలతో మెట్లెక్కి వచ్చారు. వెనకే పదిళ్ళమ్మ, చేతిలో మల్లెపూలు, మొహంలో ఆ అమ్మవారిని తనే కనిపెట్టినంత గర్వం. డబ్బాకి బొట్లు పెట్టారు. అగరొత్తులు గుచ్చారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒకామె వంగి ఆకుని తేరిపార చూస్తోంది.

"ఈ గోంగూర అదోలాగుందే ఒదినా?"

"అమ్మోరిది కదా" అన్నాను.

వాళ్ళు దిగగానే పసుపు గుడ్డ ఒకటి కుట్టి మొక్కకి ముసుగేశాను. దిష్టి తగలకుండా అని చెప్పాను. ఎండకి తీసేదాన్ని, మెట్ల మీద చప్పుడైతే కప్పేదాన్ని. ఆ నెలా నెలన్నరలో ప్రతి మెట్టు చప్పుడూ నాకు బూటు చప్పుడే. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి వినేదాన్ని. ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకవైపే కుట్టాను.

మొక్క పూతకొచ్చింది. పువ్వంటే రేకుల పువ్వు కాదు, కొమ్మ చివర ముద్దగా కట్టిన మొగ్గ, దాని నిండా తెల్లటి వెంట్రుకలు. వాసన మొదలైంది. పక్క డాబా మీద ఎండుచేపలు ఆరేసేవాళ్ళు. వాళ్ళకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అది చాలని రోజున పునుగు పిల్లి మా పైకప్పులో కాపరం పెట్టిందని చెప్పాను. నలుగురు దాన్ని చూశారు కూడా.

పొద్దున్నే అన్నం మెతుకంత మొగ్గ గిల్లి, అరచేతిలో మూసి కిందకి తెచ్చేదాన్ని. అన్నయ్య కుర్చీలో వంగి, పాత భూతద్దం కంటికి తగిలించుకుని, పట్టకారుతో దాన్ని పట్టుకునేవాడు. ఆ కాసేపూ మూలుగు ఆగేది. గడియారం లోపల చూసేటప్పుడు ఎలా ఊపిరి బిగబట్టేవాడో అలాగే.

"నీళ్ళు" అనేవాడు. అంటే మొగ్గ మీద మంచులా కనబడే జిగురు బొట్లు ఇంకా నీళ్ళలా తేటగా ఉన్నాయి, పచ్చిది. వారం పోయాక "పాలు తిరుగుతున్నాయి" అన్నాడు. నీళ్ళు తెల్లబడి పాలై, పాలు అక్కడక్కడ తేనె రంగుకి తిరగాలి. అప్పుడు గానీ నిద్ర ఉండదని ఆయన లెక్క.

"ఎంటికలు ఎర్రబడినాయి కదా అన్నయ్యా, కోసీద్దాం."

"ఎంటికలు నాకూ తెల్లబడినాయి. అయితే ముగ్గినానేటి? కుండలావిడ ఏటి సెప్పింది? మంచు సూడమంది."

"నాకు భయమేత్తంది."

"ఇప్పుడు కోత్తే గుండి దడ వొత్తాది, నిద్ర రాదు. తొందరగా తిరిగే గడియారం కూడా పాడైన గడియారమే."

నొప్పి ఆయనది, ఆగమనేదీ ఆయనే. ఏ నొప్పీ లేని నేను రోజుకి పదిసార్లు కత్తెర చేతిలోకి తీసుకునేదాన్ని. చివరికి ఓ రోజు మొగ్గని టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి ఇచ్చాను. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"తేనె వచ్చీసినాది."

"సెప్పినాను కదా!"

"పంచదార తక్కువైనాది" అని పట్టకారు కింద పెట్టాడు.

పున్నానికి మూడు రోజుల ముందు కూడా ఆయన మాట "పాలు" అనే. ఇంకో వారం కావాలన్నాడు. పున్నం నాటికి మొక్కు తీరాలి కదా. మొక్కు తీరడమంటే ఆ గోంగూర వండి ఏడిళ్ళకి పంచడం. ఏడిళ్ళ పేర్లూ పదిళ్ళమ్మ అప్పటికే రాసి పెట్టుకుంది. నేను ఆ బెంగలో ఉండి అసలు సంగతి మరిచిపోయాను.

ఆ పున్నం నాడు ఇక్కడొక సరదా ఉంది. తెల్లారేలోపు, కాకులు లేవకముందే, ఒకళ్ళ సామాను ఒకళ్ళు ఎత్తుకుపోయి ఎక్కడో పెడతారు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మా వీధిలో ఆ దొంగతనాలకి పెద్ద దొంగని నేనే. రెండేళ్ళ కిందట టీకొట్టు తలుపు గొళ్ళెం మేకులు ఊడదీసి, వాళ్ళ పెద్ద కెటిల్‌ని పళ్ళ డాక్టరు మెట్ల మీద పెట్టింది నేనే. ఆ ముందేడు పదిళ్ళమ్మ చెప్పులు రేవులో పడవకి వేలాడదీసిందీ నేనే. అందరూ నా మీద కాచుకుని ఉన్నారని ఆ పూట నాకు గుర్తే లేదు.

తెల్లవారి మెట్లెక్కితే డాబా తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం తాళంలాగే ఉంది, గొళ్ళెమే మేకులతో సహా ఊడి వేలాడుతోంది. నాకు ముందు తోచింది మొక్క కాదు. పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి కిందకి చూశాను. వీధిలో ఒక కుక్క పడుకుని ఉంది, అంతే. మళ్ళీ మెట్లు దిగి ఇంట్లోకి పరుగెత్తాను. అన్నయ్య కుర్చీలోనే ఉన్నాడు.

"ఏటే ఆ పరుగు?"

మళ్ళీ పైకెక్కాను. గోంగూర డబ్బాలన్నీ ఉన్నాయి. మధ్యలో గుండ్రటి తడి మచ్చ ఉంది. డబ్బా లేదు.

అప్పుడే కింద నుంచి పదిళ్ళమ్మ కేక. "ఒలే! దిగు! మీ అమ్మోరు మనకంటే ముందే ఆఫీసుకొచ్చీసినాది!"

వార్డు ఆఫీసు గేటు ముందు వీధి వీధంతా పోగై నవ్వుతోంది. టీకొట్టు స్టూళ్ళు, ఎవరిదో సైకిలు, కోడితో సహా కోడిగంప, పళ్ళ డాక్టరు బోర్డు వరసగా పెట్టి ఉన్నాయి. వరస మధ్యలో కుంకుమ బొట్లతో నా నూనె డబ్బా, దాని మీద పసుపు ముసుగు. గేటుకి అటొకడు ఇటొకడు తుపాకీలతో నిలబడి వాళ్ళు కూడా నవ్వుతున్నారు. ఆఫీసు గుమస్తా పళ్ళు తోముకుంటూ వచ్చి ఒక్కొక్క వస్తువూ ఎవరిదని అడుగుతున్నాడు.

నాది కాదని తప్పించుకునే దారి లేదు. ఆ డబ్బా నాదని నా నోటితోనే వీధంతా చాటుకున్నాను.

"ఇదేంటి, పెళ్ళికూతురా?" అన్నాడు గుమస్తా బర్మాలో. వంగి ముసుగు అంచుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ముక్కు ఎగబీల్చాడు. "ఏదో వాసనొస్తోందే."

నా మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆపుదామనుకున్నా ఆగలేదు. ఆ వణుకు నడుముకెక్కింది, భుజాలకెక్కింది, పళ్ళు టకటకమన్నాయి. జుట్టు ముడి ఊడి మొహం మీద పడింది. అరుద్దామనుకున్నా మాట రాలేదు, గొంతులోంచి అదేదో మూలుగు వచ్చింది.

వెనక ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. "ఓలమ్మో! అమ్మోరు పూనీసినాది!"

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఆ క్షణం దాకా నాకా ఆలోచనే లేదు. ఆ వణుకులో ఒక్క పిసరు నటన లేదు. కానీ ఆ మాట చెవిన పడ్డాక దాన్ని వదులుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

"గుడ్డ ఒగ్గీ!" అని అరిచాను. "నా గుడ్డ ఒగ్గీ!"

పదిళ్ళమ్మ ఒక్క ఉరుకులో వెళ్ళి గుమస్తా చెయ్యి పట్టుకుని లాగింది. "వదులు నాయనా, అమ్మోరు వచ్చింది! వాళ్ళ నొప్పి నీకొస్తుంది!" అని బర్మాలో చెప్పింది. దేవతలు మనుషులని పూనడం వాళ్ళకీ కొత్త కాదు. అతను బ్రష్షు నోట్లోనే ఉంచుకుని రెండు చేతులూ జోడించి వెనక్కి నడిచాడు. తుపాకీలవాళ్ళు నవ్వడం మానేశారు.

డబ్బా ఎత్తి గుండెకి హత్తుకుని నడిచాను. ఎవరో నా కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోశారు. ఒకావిడ పక్కన పరుగెడుతూ, "తల్లీ, మా కోడలికి కడుపెప్పుడు పండుతాదమ్మా?" అంది.

"వొచ్చే వానలకి!" అన్నాను. ఏదో ఒకటి అనకపోతే వదిలేలా లేదు.

నాలుగు అంతస్తులు ఎలా ఎక్కానో తెలియదు. ఇంట్లోకెళ్ళి తలుపు గడియ పెట్టి, ముసుగు తీశాను. ఒక కొమ్మ విరిగి బెరడుకి వేలాడుతోంది. అన్నయ్య దాన్ని తుంచి, భూతద్దం కంటికి తగిలించుకున్నాడు.

"పాలే. తేనె ఒకటీ అరా. ఇంకా నాల్రోజులుంటే…"

మాట మధ్యలో ఆపి నా వైపు చూశాడు. నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఇంటికొచ్చాక కూడా నా చేతులు ఆగలేదు. ఆయన వాటినే చూస్తూ, భూతద్దం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొయ్యి" అన్నాడు.

"నాల్రోజులన్నావు కదా."

"నిద్ర నాకు కొంచెం తగ్గితే ఏటైపోతాది. కొయ్యే."

నా చేతిలో కత్తెర నిలవలేదు. ఆయనే కోశాడు, ఒక్కో కొమ్మా, ఒళ్ళు తగలకుండా ముందుకి వంగి. వాటిని తలకిందులుగా బీరువాలో చీరల వెనక వేలాడదీశాను. మామూలు గోంగూరని మూడు డబ్బాల నిండా కోసి, రొయ్యలేసి, పెద్ద గిన్నెడు వండి ఏడిళ్ళకీ పంచాను. పదిళ్ళమ్మ వేలు నాకి, "అమ్మోరి గోంగూరకి పులుపే వేరు" అంది.

ఆరడానికి పదిరోజులు పట్టింది. ఒకామె కొత్త జాకెట్టు వాసన చూసి మొహం చిట్లిస్తే, చిమ్మెటలకి మాండలే నుంచి తెప్పించిన మందన్నాను. తనకీ కొంచెం కావాలంది.

ఓ మధ్యాహ్నం కాస్తంత పొడిని నేతిలో వేడిచేసి, పాలలో కలిపి ఇచ్చాను. అన్నయ్య తాగి మొహం అదోలా పెట్టాడు. గంట గడిచింది. ఏమీ లేదన్నాడు. ఇంకాసేపటికి కుర్చీలోంచి లేచి, మంచం మీద, ఏడాదిన్నర తర్వాత, వెల్లకిలా పడుకున్నాడు. వీపు పరుపుకి తగిలినా అరవలేదు.

మిషను దగ్గర కూర్చుని కుడుతున్నాను. ఏదో తేడాగా ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. మూలుగు లేదు. అంతకాలం ఆ మూలుగు ఉంది కాబట్టే ఆయన ఉన్నాడని నాకు తెలిసేది. మంచం దగ్గరికి వెళ్ళాను. ఛాతీ కదులుతోందో లేదో తెలియలేదు. చెయ్యి వేద్దామంటే అక్కడే నొప్పి. ఎక్కువ ఇచ్చానా? పచ్చిది కోశామా? బల్ల మీద భూతద్దం కనబడింది. తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

అద్దం మసకబారింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ మసకబారింది.

అలా తుడుస్తూ పెడుతూ ఎంతసేపు కూర్చున్నానో. కింద ఎవరో తాడు లాగారు, బాల్కనీలో గంట ఖంగుమంది. ఎగిరిపడ్డాను. ఏడాదిగా ఆ గంటకి ఎగిరిపడుతూనే ఉన్నాను గానీ, ఈసారి వచ్చింది ఎవరా అని కాదు. అన్నయ్య లేస్తాడేమోనని.

లేవలేదు.